పురుగుల మార్కులు

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం దాహమేసి ఫ్రిజ్ తెరిచాను. చేతికి అందిన సీసా ఎత్తి గటగటా ఒక గుక్క మింగాను. వెనక నుంచి మా తోడికోడలు, పిల్లాడు పలక పగలగొట్టుకుంటే ఓదార్చేంత నెమ్మదిగా, "అయ్యో, అది తాగకు చెల్లీ, దానికి పదికి మూడే" అంది. ఆ సీసాలో ఉన్నది మా ఇంటి వెనకాల వాగు నీళ్ళు. ఆ రోజు నేను అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు దొంగలు పడ్డారనుకున్నారు. ఆవిడ మాత్రం నా ముఖం కేసి పరీక్షగా చూసి, కడుపులో ఏమైనా తేడాగా ఉంటే ఎప్పుడు మొదలైందో టైము చూసి చెప్పమంది.

తోడికోడలంటే మా బావగారి భార్య. నాకంటే చాలా పెద్ద, నేను అక్కా అంటాను. బళ్ళో సైన్సు టీచరు. కనబడిన ప్రతిదానికీ మార్కులు వెయ్యడం ఆవిడ జబ్బు. టీకి మార్కులు, కూరకి మార్కులు, పక్కింటి పెళ్ళికొడుక్కి మార్కులు. మా బావగారికి పెళ్ళయిన కొత్తలో ఎనిమిది ఉండేవట, ఇప్పుడు అయిదు దగ్గర స్థిరపడ్డారు. ఆయనేమో పాసయ్యాను కదా అని హాయిగా పేపరు చదువుకుంటారు. నేను బట్టలు కుడతాను, ముందు గదిలో నాకు రెండు మెషీన్లున్నాయి. కుట్టిన బట్ట ఆవిడ కంటబడిందంటే కుట్టు తిరగేసి చూసి ఏదో ఒక అంకె అంటుంది. నేను ఎవరి బట్ట వాళ్ళు చూసుకుంటారులే, నువ్వు వెళ్ళి నీ పురుగుల్ని చూసుకో అంటాను. ఆవిడకి కోపం రాదు. అదే నాకు ఒళ్ళు మండే విషయం. ఎదుటివాళ్ళు తిరిగి ఒక్క మాటైనా అనకపోతే కోప్పడినట్టే ఉండదు.

పురుగుల సంగతి చెప్పాలి. వాగు నీళ్ళు బాగున్నాయో లేదో తెలుసుకోవడానికి అక్క తన బడి పిల్లల్ని ప్రతి శనివారం తీసుకొస్తుంది. నీళ్ళలో ముంచితే రంగు మారే కాగితాలు కొన్ని ఉన్నాయి గానీ, ఆవిడకి వాటి మీద గురి లేదు. కాగితం ఆ పూట సంగతే చెప్తుంది, పురుగు అయితే ఏడాది పొడుగునా అక్కడే కాపురం ఉంటుంది కాబట్టి నిజం దాన్నే అడగాలి అంటుంది. రాళ్ళ కింద ఉండే పురుగుల్లో కొన్ని మహా నాజూకు. నీళ్ళు కాస్త చెడితే చాలు, బతకవు. అలాంటివాటికి పది మార్కులు. మురికిలో కూడా హాయిగా ఉండే ఎర్ర పురుగులకి ఒక్కటే మార్కు. ఒక చోట దొరికిన రకాలన్నిటి మార్కులూ కూడితే ఆ చోటు సంగతి తెలిసిపోతుంది. మార్కుల పిచ్చి ఉన్న మనిషికి దేవుడు వెతికి వెతికి ఈ పని ఇచ్చాడు.

నాజూకువాటిలో రెండు పిల్లలకి ప్రాణం. ఒకటి మూడు తోకలది, సన్నగా, వయ్యారంగా తిరుగుతుంది. రెండోది చిన్న చిన్న రాళ్ళు అతికించుకుని తన చుట్టూ గొట్టంలాంటి ఇల్లు కట్టుకుంటుంది. దాన్ని పిల్లలు సొంతింటి పురుగు అంటారు. వాటిని పట్టడానికి వలలు కావాలంటే నేనే పాత దోమతెర చించి కుట్టిచ్చాను. ఒకడు వల పట్టుకుని నిలబడితే ఇంకొకడు దానికి ఎగువన రాళ్ళు కాలితో కదుపుతాడు, రాళ్ళ కిందవి కొట్టుకొచ్చి వలలో పడతాయి. వాటిని తెల్ల పళ్ళెంలో పోసి లెక్క చూస్తారు. నా వలలకి అక్క తొమ్మిది వేసింది. ఒక మార్కు ఎందుకు తగ్గిందని అడిగితే, కన్నాలు మరీ పెద్దవి చెల్లీ, చిన్నవి జారిపోతాయి అంది. ఊరికే వచ్చిన వలకి వంక పెట్టడం ఆవిడకే చెల్లింది.

వాగు మీద మూడు చోట్ల పట్టేవాళ్ళు. మొదటిది పైన పెద్ద రాళ్ళ దగ్గర. రెండోది నడక వంతెన కింద. మూడోది మా ఇంటి వెనకాల. అక్కకి మోకాళ్ళ నొప్పి, గట్టెక్కి పైదాకా నడవలేదు. అందుకని మా పెరట్లో బల్ల వేసుకుని కూర్చునేది. పిల్లలు పై నుంచి పట్టుకుంటూ కిందికి వచ్చేవాళ్ళు. పెరట్లోనే మా మామగారి కుర్చీ కూడా. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. పెరటి గేటు దాటిన ప్రతివాళ్ళనీ టికెట్ అడుగుతారు. పిల్లలు ఒక ఆకు కోసి చేతిలో పెడితే చింపి సగం వెనక్కి ఇచ్చి లోపలికి పంపిస్తారు. అక్క ఆయనకి ఇంట్లో అందరికంటే ఎక్కువ మార్కులు వేస్తుంది, ఎందుకంటే ఆయనొక్కరే ఆవిణ్ణి మార్కులెన్ని అని అడుగుతారు.

ఇలా ఎవరి పిచ్చి వాళ్ళకి ఆనందంగా నడుస్తుంటే, ఊరి ఆఫీసువాళ్ళు వాగు మీద కాంక్రీటు పలకలు వేసి మూసేస్తామన్నారు. వంతెన నుంచి మార్కెట్ దాకా మూసి, పైన బళ్ళు నిలుపుకోవడానికి చోటు చేస్తారట. ఎలాగూ అది వాగు కాదు, మురిక్కాలువే, అందులో బతికేది ఏదీ లేదు అని వాళ్ళ వాదన. మా సందులో అందరూ ఎగిరి గంతేశారు. దోమలు పోతాయి, బండి పెట్టుకోవచ్చు. నిజం చెప్పొద్దూ, నేనూ గంతేశాను. అక్క మాత్రం రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు కూర గిన్నె ముందు కూర్చుని దానికి ఎన్ని మార్కులో కూడా చెప్పలేదు. అప్పుడు నాకు భయమేసింది. ఏమైంది అక్కా అంటే, "వచ్చే ఏడాది నేనెలాగూ బడి నుంచి దిగిపోతాను చెల్లీ. నేను దిగిపోయినా వాగు ఉంటుంది, ఇంకెవరో ఒకరు పిల్లల్ని తీసుకొస్తారు అనుకున్నాను" అంది. నేను లోపలికి వెళ్ళి ఎవరి మీదో తెలియకుండా గిన్నెలు దడదడా కడిగాను.

ఆ పై శనివారం నుంచి అక్క పట్టుదలగా కూర్చుంది. బతికేది ఏదీ లేదన్నారు కదా, ఉందని చూపిస్తానంది. చూడబోతే నిజంగానే ఉంది. పైన రాళ్ళ దగ్గర మార్కులు బాగా వచ్చాయి, అది ఎప్పుడూ ఉన్నదే. వంతెన దగ్గరా అంతే బాగా వచ్చాయి. మా ఇంటి వెనకాల, ముక్కు మూసుకుంటే తప్ప నేను బట్టలు ఆరెయ్యలేని చోట, పై రెండిటికంటే ఒక మార్కు ఎక్కువే వచ్చింది. ఎందుకంటే పైనుండేవన్నీ ఉన్నాయి, పైగా ఎర్ర పురుగులు కూడా ఉన్నాయి. రంగు కాగితాలు మాత్రం ఇక్కడి నీళ్ళలో ముంచగానే పాడు రంగుకి తిరిగేవి. అక్క ఆ కాగితాలే పాతబడి చెడిపోయాయంది. కొత్తవి తెప్పించింది. అవీ అలాగే తిరిగాయి. ఈ మధ్య దేంట్లోనూ నాణ్యత లేదంది.

ఇదెక్కడి విడ్డూరం, వాసన చూస్తే కడుపులో తిప్పుతోంది కదా అన్నాను. వాసనకీ ఆరోగ్యానికీ సంబంధం లేదు చెల్లీ, మీ బావగారి చొక్కా చూడు అంది.

ఒక శనివారం ఇంకో చిత్రం జరిగింది. మూడు తోకల పురుగుల్లో ఒకదానికి రెండే తోకలున్నాయి. పిల్లల్లో సన్నగా పొడుగ్గా ఉండి నిమిషానికో ప్రశ్న అడిగే అమ్మాయి ఉంది, అందరూ చీపురుపుల్ల అంటారు. ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి, పైన దొరికిన వాటిలో రెండు తోకలది ఉంది టీచర్, వంతెన దగ్గరా ఒకటి ఉంది, ఇక్కడా ఒకటి ఉంది అని ఒగర్చుకుంటూ చెప్పింది. మూడు చోట్లా ఉందంటే ఇక అది అవిటిది కాదు, వేరే జాతి అని అక్క తేల్చేసింది. కొత్త జాతి. మా వాగులో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేనిది. ఆ సాయంత్రం టీ తాగుతూ దానికి మామగారి పేరు పెడదామని నిర్ణయించింది. మామగారు కళ్ళజోడు పెట్టుకుని పురుగుని చాలాసేపు చూసి, దీని పోలిక మా తమ్ముడిది, వాడి పేరు పెట్టండి అన్నారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అంటారు. మా అక్క పట్టిన పురుగుకి రెండే తోకలు.

మార్కులన్నీ చూపించి అక్క ఆఫీసుకి అభ్యంతరం పెట్టింది. అక్కడి ఇంజనీరుగారు ఆ కాగితం చదివి, ఇది నమ్మశక్యంగా లేదు, నేనే వచ్చి కళ్ళారా చూస్తాను అని కబురు పంపారు. ఆయన చూసిన దాన్నిబట్టే తేలుతుందట. మూడు చోట్లా బతికున్న వాగే అయితే మూసెయ్యరు, మురిక్కాలువే అయితే వచ్చే నెల పలకలు దిగుతాయి. అక్క ఆ వారమంతా మోకాళ్ళకి నూనె రాసుకుంటూ, తనలో తను నవ్వుకుంటూ తిరిగింది. నా చేత వలలకి కొత్త అంచులు కుట్టించింది. పిల్లలు యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని వచ్చారు, నీళ్ళలో దిగడానికి.

ఇంజనీరుగారు వచ్చారు. కోపిష్టి మనిషి అనుకున్నాను, చూస్తే నీరసం మనిషి. పక్క వీధిలో ఇంకేదో కూలిపోయిందట, తెల్లవారినప్పటి నుంచి అక్కడే నిలబడి వచ్చారట. గేటు దగ్గర మామగారు టికెట్ అడిగితే, పాపం ఆయన నిజంగానే జేబులు తడుముకున్నారు. చీపురుపుల్ల పరుగెత్తి ఆకు అందించింది.

ఇక పైకి వెళ్దాం రండి సార్ అని పిల్లలు బయల్దేరబోయారు. ఆయన, నేను ఇక్కడే ఉన్నాను కదా, ముందు ఇక్కడే పట్టండి, తర్వాత పైకి నడుద్దాం అన్నారు. అది ఎవరైనా అనే మాటే. పిల్లలు మాత్రం ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. పెద్ద కుర్రాడు ఎప్పుడూ పై నుంచే మొదలుపెడతాం సార్ అని గొణిగాడు. ఏ చోటి పురుగులు ఆ చోటివే, ఎక్కడ మొదలుపెడితే ఏంటిరా అని అక్క కసిరి, తనే బట్టలు ఎగదోపుకుని నీళ్ళలో దిగింది. వల పట్టింది. రాళ్ళు కదిపించింది. పళ్ళెంలో పోసింది.

ఎర్ర పురుగులు. ఇంకేమీ లేవు.

రెండోసారి పట్టారు. ఎర్ర పురుగులు, ఒక చాక్లెట్ కాగితం. మూడోసారి కాస్త అటుపక్కగా పట్టారు. అవే ఎర్ర పురుగులు, నిక్షేపంగా. అక్క పళ్ళెం అటూ ఇటూ వంచింది, కళ్ళజోడు తుడుచుకుంది. ఏవమ్మా మీ మూడు తోకలవి అని ఇంజనీరుగారు మర్యాదగానే అడిగారు. అప్పుడు చీపురుపుల్ల, టీచర్ ఇంత చిన్న విషయం మర్చిపోయిందేమిటా అన్నట్టు చూసి, అంది:

"మనం ఇంకా తేలేదు కదా టీచర్."

తేవడమేంటే అని అక్క అడిగింది. పిల్లలు అందరూ ఒకేసారి మొదలుపెట్టారు, కాసేపటికి గానీ విషయం అర్థం కాలేదు. పైన రాళ్ళ దగ్గర పళ్ళెం పెట్టుకోవడానికి చదునైన చోటు లేదు. అందుకని పట్టినవాటిని బకెట్లో వేసుకుని వంతెన దాకా వచ్చి, అక్కడి గట్టు మీద కూర్చుని లెక్క చూసేవాళ్ళు. లెక్క కాగానే, టీచర్ చెప్పినట్టు, వాటిని జాగ్రత్తగా వాగులో వదిలేవాళ్ళు. అక్కడే. వదిలాక అక్కడే వల పెట్టి వంతెన చోటి పురుగుల్ని పట్టేవాళ్ళు. అక్కడ ఎండ కాబట్టి వాటిని బకెట్లో వేసుకుని మా పెరటి నీడకి వచ్చి లెక్క చూసేవాళ్ళు. లెక్క కాగానే మళ్ళీ టీచర్ చెప్పినట్టు జాగ్రత్తగా వాగులో వదిలి, అక్కడే వల పెట్టేవాళ్ళు. అక్క మాత్రం అటు తిరిగి రంగు కాగితాలు తిడుతూ ఉండేది.

ప్రాణం ఉన్నదాన్ని తిరిగి వాగులో వదలాలి అని ఆవిడ వెయ్యిసార్లు చెప్పింది. ఎక్కడ వదలాలో ఒక్కసారీ చెప్పలేదు. దాంతో ఆ రెండు తోకల పురుగు ప్రతి చోటా మూడు తోకలవాటి మధ్య హాజరు పలికి, బకెట్టెక్కి ఊరంతా తిరిగి, కొత్త జాతి అయి కూర్చుంది.

నాకు నవ్వు ఆగలేదు. తప్పే, కానీ ఆగలేదు. మామగారు కూడా, అయితే మా తమ్ముడు టికెట్ లేకుండా ప్రయాణం చేశాడన్నమాట అన్నారు. ఇంజనీరుగారి పెదవి చివర కదిలింది. ఇంత బతుకూ బతికి ఇంటెనకాల చచ్చినట్టు, కొండల నుంచి వచ్చిన వాగు సరిగ్గా మా ఇంటెనకాలే చచ్చింది. అది తెలుసుకోవడానికి మాకు ఇన్ని నెలలు పట్టింది.

అప్పుడు చీపురుపుల్ల ఇంకో ప్రశ్న అడిగింది. "మరి ప్రతి వారం మనం ఇక్కడ వదిలినవన్నీ ఎటు పోయాయి టీచర్?"

నా నవ్వు ఆగిపోయింది. అక్క జవాబు చెప్పక్కర్లేకపోయింది. నాజూకు పురుగులు మురికి నీళ్ళలో బతకవని ఆ పిల్లలకి నేర్పింది ఆవిడే కదా. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. పెద్ద కుర్రాడు, ఇస్త్రీ యూనిఫాంవాడు, బకెట్ని కాలితో దూరంగా తోసి అటు తిరిగి నిలబడ్డాడు. పురుగుల కోసం ఏడుస్తారా అని ఇంకో రోజైతే నేను వేళాకోళం చేసేదాన్ని. ఆ రోజు నా కొంగుతో ఆ పిల్ల కళ్ళు తుడిచాను.

అక్క ఇంజనీరుగారి ముందుకు వచ్చి నిలబడింది. బట్టలు మోకాళ్ళ దాకా తడిసి నీళ్ళు కారుతున్నాయి. మీకు పంపిన కాగితంలో మూడో చోటి మార్కులు తప్పు, రెండో చోటివి కూడా నమ్మడానికి లేదు, పిల్లల తప్పేమీ లేదు, చెప్పడంలో లోపం నాది అని గడగడా అప్పజెప్పింది. నేను వెనక నుంచి చీర కొంగు పట్టి లాగుదామనుకున్నాను, ఎందుకంత తొందర, రెండో చోటి సంగతి ఆయనేమీ అడగలేదు కదా అని. కానీ ఆవిడ అలాంటి మనిషి కాదు. తనకి తానే సున్నా వేసుకుని వచ్చి నిలబడింది.

ఇంజనీరుగారు నిట్టూర్చారు. మీరు ఒప్పుకున్నారు కాబట్టి నేనూ దాచను, ఇది చచ్చిపోయిన వాగు, చచ్చినదానికి మూత వేస్తే నష్టమేంటమ్మా అన్నారు. అక్క మామగారి కుర్చీ వైపు చెయ్యి చూపించింది.

"మా మామగారు మంచాన పడ్డప్పుడు డాక్టరు కూడా అయిపోయిందన్నాడు సార్. మేం మందు వేశాం గానీ మూత వెయ్యలేదు. ఇవాళ మిమ్మల్ని టికెట్ అడిగారు."

నన్నెందుకమ్మా మధ్యలో లాగుతావు అని మామగారు సణిగారు గానీ, కుర్చీలో కాస్త నిటారుగా కూర్చున్నారు. ఇంజనీరుగారు ఆయన్నీ వాగునీ మార్చి మార్చి చూశారు. సరే, వంతెన దగ్గర కూడా చూద్దాం, అక్కడా ఏమీ లేకపోతే మాత్రం ఇక నన్ను ఏమీ అనొద్దు, వంతెన నుంచి కిందికి అంతా మూసేస్తాను అన్నారు. అక్క తల ఊపింది. మోకాళ్ళ మాట మర్చిపోయి గట్టెక్కింది. నేనూ కుట్టు పని వదిలేసి వెనకాలే నడిచాను. ఇలాంటప్పుడు ఆవిణ్ణి ఒంటరిగా వదిలితే నాకు నిద్ర పట్టదు.

దారిలో మా సందు గొట్టం కనబడింది. ఇళ్ళన్నిటి వాడుక నీళ్ళూ కలిసి అక్కడే వాగులో పడతాయి, నురగలు కక్కుతూ. దానికి ఎగువన నీళ్ళు మామూలుగా ఉన్నాయి, దిగువన బూడిద రంగులో ఉన్నాయి. ఇన్నేళ్ళు ఇక్కడున్నాను, ఒక్కసారీ ఆగి చూడలేదు. చూసినా చూడనట్టు అందరం తల తిప్పుకుని నడిచాం.

వంతెన కింద మొదటి వలలో ఏమీ పడలేదు. రెండో వలలో రెండు ఆకులు, ఒక నీటి సాలీడు పడ్డాయి. సాలీడుకి మార్కుల్లేవు. ఇంజనీరుగారు గడియారం చూసుకున్నారు. అక్క ఇంకొంచెం లోపలికి వెళ్తానంటూ పాచి రాయి మీద కాలేసింది. దబ్బున జారి నడుం దాకా నీళ్ళలో కూర్చుండిపోయింది. పట్టు కోసం చేతికి దొరికిన రాయిని గట్టిగా పట్టుకుంది, అదీ ఊడి చేతిలోకి వచ్చింది. ఇంజనీరుగారు కంగారుగా బూట్లతోనే దిగి చెయ్యి అందించారు. అక్క ఆయన చేతిలో తన చెయ్యి పెట్టలేదు. ఆ రాయి పెట్టింది.

ఆయనకి అర్థం కాలేదు. తిప్పి చూడమంది అక్క. తిప్పి చూశారు. రాయి అడుగున ఏదో మసకగా కదులుతోంది. ఆయన కళ్ళజోడు నుదుటి మీది నుంచి దించుకున్నారు. నేనూ వంగి చూశాను. దారప్పోగు తెగి ముక్కలు పడితే ఎంతుంటాయి, అంతంత. ఒక్కోదానికి మూడేసి తోకలు. తోకలంటే తోకలు కావు, ఉన్నాయనుకుంటే ఉన్నాయి. రాయంతా పిల్లలే.

మీ వాళ్ళు మోసుకొచ్చినవి కావని ఏంటి నమ్మకం అని ఇంజనీరుగారు అడిగారు. అడగాల్సిందే, మేం చేసిన నిర్వాకం అలాంటిది. అక్క నీళ్ళలో కూర్చునే జవాబు చెప్పింది. మా చెల్లి కుట్టిన వలకి కన్నాలు పెద్దవి సార్, ఇవి అందులో నిలవవు, కావాలంటే చూడండి అంది. ఆయన ఆ రాయిని వల మీద పట్టుకుని పై నుంచి చెంబుతో నీళ్ళు పోయించారు. పిల్ల పురుగులు నా వలలో నుంచి నిక్షేపంగా జారి కింద పళ్ళెంలో పడ్డాయి. ఒక్కటీ ఆగలేదు. మళ్ళీ పోయించారు, మళ్ళీ జారాయి. నేను కుట్టింది దేనికీ పనికిరాదని ఇంతమంది ముందు రుజువవుతుంటే ఇంత సంతోషం వేస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

"వీటి అమ్మల్ని మేమే మోసుకొచ్చామేమో చెప్పలేను సార్" అంది అక్క. "ఇవి పుట్టింది మాత్రం ఇక్కడే."

అప్పటిదాకా అటు తిరిగి నిలబడ్డ పెద్ద కుర్రాడు ఇటు తిరిగాడు. చీపురుపుల్ల ముక్కు చీదుకుని పళ్ళెం మీదకి వంగింది. ఇంజనీరుగారు పళ్ళెంలోవాటిని మెల్లిగా వాగులోకి వంచారు. తర్వాత ఆ రాయిని ఎక్కడ ఊడిందో అక్కడే, అదే వైపు కిందికి ఉండేలా పెట్టారు. ఎవరూ చెప్పకుండానే పెట్టారు. లేచి నిలబడి, పలకలు వంతెన దగ్గరకి రావు అన్నారు. అక్క ఏడ్చింది. నీళ్ళలో కూర్చుని ఉంది కాబట్టి ఎవరికీ తెలియదనుకుంది.

ఇక మా ఇంటి వెనకాల సంగతి. అది ఇప్పుడే మూసెయ్యను, వచ్చే ఎండాకాలం దాకా ఆగుతాను అన్నారాయన. అప్పటికి ఇక్కడి పురుగులు అక్కడికి చేరితే దానికీ మూత వెయ్యను. కానీ ఒకటే షరతు, వాటంతట అవే రావాలి, మీరెవరూ మొయ్యకూడదు అని పిల్లలందరి వైపూ వేలు చూపించి మరీ చెప్పారు.

"మొయ్యం సార్" అంది చీపురుపుల్ల. కాసేపు ఆలోచించింది. "దారి బాగుచెయ్యొచ్చా?"

ఆయన దిగువకి చూశారు, మా సందు గొట్టం వైపు. దాన్ని పెద్ద లైనుకి కలపడం ఆఫీసు పనే, చూస్తాను, కానీ ఆ లోపు సబ్బు నురగ తగ్గించుకోవాల్సింది మీ సందువాళ్ళే అన్నారు. అక్కని చెయ్యిచ్చి లేపాను. లేచి, నీళ్ళు కారుతూ, నా వైపు చూసింది. మా సందులో అందరికంటే ఎక్కువ నురగ ఎవరిదో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. కుట్టిన ప్రతి బట్టా ఉతికి ఇచ్చేది నేను.

ఆవిడ నోరు తెరవకముందే నేనే అన్నాను. సరే, నా ఉతుకు నీళ్ళ సంగతి నేను చూసుకుంటాను, మిగతా ఇళ్ళకి నువ్వు వెళ్ళి చెప్పుకో అన్నాను.

"నువ్వూ రావాలి చెల్లీ" అంది. "నాకు అరవడం రాదు."